ఒక నాటకగీతము యొక్క పాఠచరిత్ర: ‘ఆల్ ది థింగ్స్ యు ఆర్’

1939 నవంబరు 17వ తేదీన న్యూయార్కు నగరములోని ఆల్విన్ థియేటరునందు ‘వెరీ వార్మ్ ఫర్ మే’ అను సంగీతనాటకమునకు తెర లేచినది. 1940 జనవరి 6వ తేదీన తెర దిగినది. ఈ నడుమ జరిగిన ప్రదర్శనములు 59 మాత్రమే. బ్రాడ్వే నాటకశాలల లెక్కలలో ఇది అపజయము. దాని కథను చెప్పగలవారు నేడు నాటకచరిత్రకారులు తప్ప మరియొకరు లేరనవచ్చును. ఆ నాటకశాలకు సైతము 1983లో పేరు మారినది. కాని అందులోని ఒక పాట మాత్రము తెరతోపాటు దిగిపోలేదు. ‘ఆల్ ది థింగ్స్ యు ఆర్’ అని దాని పేరు. ‘నీవైనవన్నియు’ అని స్థూలముగ అర్థము చెప్పుకొనవచ్చును. జాజ్ వాద్యకారులు ఎనిమిది దశాబ్దములకు పైగా ఆ పాటను వాయించుచునే యున్నారు. రికార్డులకెక్కిన దాని రూపములు వందలకొలది. ఆ సంగీతమును నేర్చుకొను విద్యార్థి తొలి సంవత్సరములలోనే దానిని అభ్యసించును.

నాటకము పోయి పాట నిలుచుట అన్ని దేశముల రంగస్థలములందును కలదు. మన తెలుగునాట నాటకసమాజములు విచ్ఛిన్నమైన పిమ్మట గూడ గ్రామఫోను రికార్డులలో పద్యములు బ్రతికినవి. అందుచేత ఈ వైపరీత్యము మమ్ము ఆకర్షింపలేదు. మమ్ము ఆకర్షించిన ప్రశ్న వేరు: నిలిచినది ఏది? పాశ్చాత్యుల పాటకు మాటలు, వర్ణమెట్టు, ఆ మెట్టును క్రిందినుండి మోయు స్వరగుచ్ఛముల వరుస అని మూడంగములు కలవు. ఈ పాట విషయమున మొదట మాటలు జారిపోయినవి. పిదప వర్ణమెట్టును జారిపోయినది. అయినను వాయించినవారును విన్నవారును ‘అదే పాట’ యనిరి. మూలము, పాఠాంతరము, ప్రక్షిప్తము అను మాటలను నిత్యము వాడు మనకు ఈ ‘అదే’ యనుమాట కొంత విచారింపదగినది.

నాటకమునకు మాటలను పాటలను వ్రాసినవాడు రెండవ ఆస్కర్ హామర్‌స్టీన్. స్వరములు కూర్చినవాడు జెరోమ్ కెర్న్. వీరిరువురును 1927లో ‘షో బోట్’ అను నాటకమును రచించి, పాటల కూర్పుగ నుండిన అమెరికను సంగీతనాటకమునకు కథాగాంభీర్యమును సమకూర్చినవారు. పండ్రెండేండ్ల పిమ్మట వచ్చిన ఈ నాటకమున కథ తేలికయైనది. పల్లెపట్టున వేసవిలో నాటకములాడు ఒక సమాజము, అందు చేరిన మే అను యువతి, ఆమె వెనుకటి చిక్కులు, ఇంతియే. ‘మే’ అనునది నాయిక పేరును, నెల పేరును అగుటచే నాటకము పేరున శ్లేష కలదు. హామర్‌స్టీన్ మొదట వ్రాసిన కథలో నేరగాండ్రకు సంబంధించిన ఉపకథ యొకటి యుండెను. న్యూయార్కునకు రాకపూర్వము ఇతర నగరములందు పరీక్షార్థము ప్రదర్శించుచున్న దినములలో, నిర్మాతయగు మాక్స్ గోర్డన్ కోరికపై దానిని తొలగించిరి. ఉపకథ యని తీసివేసినది కథను నడపు ఇరుసు. విమర్శకులు పాటలను మెచ్చి నాటకమును తిరస్కరించిరి. కెర్న్ 1945లో మరణించెను గనుక బ్రాడ్వేకు అతడు సమకూర్చిన కడపటి క్రొత్త నాటకమిదియే యైనది.

తన పాట సామాన్యశ్రోతకు కఠినమగునని కెర్న్ సంశయించెనని చెప్పుదురు. ఒకనాడు వీథిలో ఎవడో దానిని ఈలపాటగ పాడుచు పోవుట విని ఆ సంశయము తీర్చుకొనెనని మరియొక కథ. ఇట్టి కథలు ప్రతి ప్రసిద్ధగీతమునకును మొలచును. వానిని మేము చరిత్రగ గ్రహింపము. కాని మొదటి సంశయమునకు మాత్రము పాటలోనే ఆధారము కలదు. కావున దాని నిర్మాణమును కొంచెము దగ్గరగ చూడవలసియున్నది.

మన సంగీతమున ఆధారషడ్జము కదలదు. తంబుర మీటిన క్షణమునుండి మంగళము పాడువరకు గాయకునకు అదియే ఇల్లు. పాశ్చాత్యుల పద్ధతిలో అనేక స్వరములను ఏకకాలమున పలికించుటచే గుచ్ఛము లేర్పడును. గుచ్ఛము వెనుక గుచ్ఛము నడచునపుడు షడ్జము కూడ ఇల్లు మారవచ్చును. ఆనాటి నాటకగీతములలో ఈ మార్పు ఒకటి రెండు సార్లు, అదియు దగ్గరి ఇండ్లకు, జరుగుట వాడుక. పాట ప్రమాణము 32 ఆవర్తములు. ఎనిమిదేసి ఆవర్తముల పాదములు నాలుగు. కెర్న్ ఇచ్చట నాల్గవ పాదమును పండ్రెండు ఆవర్తములకు పెంచి మొత్తము 36 చేసెను. అంతకంటె సాహసమైనది షడ్జము నడక. పాట ఎ-ఫ్లాట్‌నకు చెందినది. మొదటి పాదము ముగియునప్పటికి సి షడ్జమై కూర్చుండును. రెండవ పాదము అదే నమూనాను క్రొత్తచోటనుండి ఎత్తుకొని ఇ-ఫ్లాట్ మీదుగ జి కడకు చేరును. మూడవ పాదము జి నుండి ఇ కడకు పోవును. నాల్గవది మరల ఎ-ఫ్లాట్‌నకు ఇల్లు చేరును. రమారమి ఒక నిమిషములో ఐదిండ్లు.

ఇంత తిరుగుడునందును శ్రోతకు దారి తప్పిన భావము కలుగకుండుటకు కారణము గుచ్ఛముల వరుసలోని క్రమము. మొదటి ఐదు గుచ్ఛముల మూలస్వరములు ఎఫ్, బి-ఫ్లాట్, ఇ-ఫ్లాట్, ఎ-ఫ్లాట్, డి-ఫ్లాట్. మన పరిభాషలో చెప్పినచో ప్రతిదియు తన ముందుదానికి శుద్ధమధ్యమము. చెవి ఆ మెట్లకు అలవాటుపడిన పిమ్మట, ఐదవదానినుండి ఆరవదియగు జి మీదికి ప్రతిమధ్యమపు గెంతు వచ్చును. ఇల్లు మారుచోటు అదియే. వర్ణమెట్టున బలముగ నిలుచు స్వరములలో పెక్కు తమ క్రింది గుచ్ఛమునకు గాంధారములు. గుచ్ఛము స్వభావము, అనగా అది దీర్ఘమా మృదువా అనునది, తెలియునది గాంధారము వలననే గదా! కాబట్టి ఈ పాటలో మెట్టు వేరు, గుచ్ఛక్రమము వేరు కాదు. క్రమమును విన్నవానికి మెట్టు మనస్సున తానై పలుకును. తరువాతి చరిత్రకు ఇది బీజము.

మూడవ పాదము చివరనున్న యుక్తిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. అచ్చట గాయకుడు జి-షార్ప్ అను స్వరమును దీర్ఘముగ నిలుపును. అది ఇ గుచ్ఛమునకు అంతరగాంధారము. నిలిపిన ధ్వని నిలిచియుండగనే క్రింది గుచ్ఛములు కదలిపోవును. నాల్గవ పాదము ఎఫ్ గుచ్ఛముతో మొదలగునప్పటికి అదే ధ్వని ఎ-ఫ్లాట్ అను పేరుతో సాధారణగాంధారమగును. ధ్వని మారలేదు, అర్థము మారినది. శ్లేషకవు లొకే పదమున రెండు కథలు నడిపిన విధము మనకెరుకయే. కెర్న్ ఒకే ధ్వనిలో రెండిండ్లను ఇమిడ్చెను. దీని తరువాత పాట యింటికి చేరుట శ్రమలేని పనియైనది.

ఇట్టి శిల్పి తన శిల్పమును ఇతరులు మార్చుటను సహించునా? ఈ విషయమున కెర్న్ అభిప్రాయము రహస్యము కాదు. 1924లో ‘సిటింగ్ ప్రెటీ’ అను తన నాటకము వచ్చినపుడు, జాజ్ బృందములు తన పాటలను వికృతము చేయుచున్నవని ఆగ్రహించి, ఆ నాటకగీతములను నృత్యశాలలలో వాయింపరాదనియు, రేడియోలో ప్రసారము చేయరాదనియు, రికార్డు చేయరాదనియు నిషేధించెను. ఫలితమును ఊహింపవచ్చును. వికృతి జరుగలేదు, ప్రచారమును జరుగలేదు. ఆ పాటలు నాటకముతోనే అణగినవి.

ఈ నిషేధము అంత సంపూర్ణముగ నుండుటకు చట్టములో కారణము కలదు. 1909 నాటి అమెరికను గ్రంథస్వామ్య చట్టము ప్రకారము, స్వరకర్త తన పాటను ఒక్కరికైనను యంత్రముపై ముద్రించుటకు అనుమతించినచో, ఆ మీదట ఎవరైనను ప్రతికి రెండు సెంట్లు చెల్లించి దానిని రికార్డు చేసికొనవచ్చును. వారిని కాదను హక్కు కర్తకు లేదు. తలుపు మూసియుంచవచ్చును, లేదా తెరవవచ్చును. కొందరికే తెరచుటకు వీలులేదు. 1924లో కెర్న్ తలుపు మూసెను. 1939లో తెరచెను. టామీ డార్సీ బృందము జాక్ లెనర్డ్ గాత్రముతో చేసిన రికార్డు 1940 తొలి మాసములలో దేశమున అగ్రస్థానమునకు చేరినది. ఆర్టీ షా బృందమును 1939లోనే రికార్డు చేసినది. ఇవి నృత్యబృందముల రూపములు. వర్ణమెట్టును గౌరవించి, మాటలను పాడించి, మూడు నిమిషములలో ముగించినవి. వీనియందు కెర్న్ ఆక్షేపింపదగినది స్వల్పము.

1941లో స్వరకర్తల సంఘమునకును రేడియో సంస్థలకును ప్రతిఫలము విషయమున తగవు వచ్చి, జనవరినుండి అక్టోబరు వరకు ఆ సంఘసభ్యుల పాటలు ప్రధాన రేడియో జాలములలో వినబడలేదు. కెర్న్ ఆ సంఘపు తొలి సభ్యులలోనివాడు. 1944లో నాటకమును ఆధారము చేసికొని ‘బ్రాడ్వే రిథమ్’ అను చలనచిత్రము వచ్చినది. అందు కథ గుర్తింపరాకుండ మారినను ఈ పాట నిలిచినది. ఇంతవరకు దీని చరిత్ర ఇతర ప్రసిద్ధగీతముల చరిత్ర వంటిదే. ఇక్కడనుండి త్రోవ వేరగును.

అందుకు పూర్వరంగము పాట పుట్టిన మాసములలోనే జరిగినది. 1939 అక్టోబరు 11వ తేదీన, అనగా నాటకము న్యూయార్కున తెర యెత్తుటకు ఐదు వారములు ముందు, కోల్మన్ హాకిన్స్ అను నీగ్రోజాతి శాక్సఫోను వాద్యకారుడు ‘బాడీ అండ్ సోల్’ అను పాటను రికార్డు చేసెను. అదియు నాటకగీతమే, 1930లో ‘త్రీస్ ఎ క్రౌడ్’ అను ప్రదర్శనమున వచ్చినది. హాకిన్స్ తొలి ఆవర్తములలో వర్ణమెట్టును సూచించి విడిచెను. మిగిలిన రికార్డంతయు గుచ్ఛక్రమముపై అతని కల్పనయే. శ్రోతలు దానిని నిరాకరింపలేదు సరికదా, విశేషముగ కొనిరి. మెట్టు లేకున్నను పాట విక్రయింపబడునని దీనివలన తేలినది. జాజ్ చరిత్రకారులు ఈ రికార్డును శాక్సఫోను కళకు మైలురాయిగ చెప్పుదురు. మాకు దీనియందు కనబడు విశేషము, పాట యనగా మెట్టు అను నమ్మకము బహిరంగముగ సడలుట.

యుద్ధకాలమున న్యూయార్కు చిన్న వాద్యశాలలలో యువకులగు నల్లజాతి వాద్యకారులు కొందరు ఈ మార్గమును తీవ్రము చేసిరి. తరువాత దానికి బీబాప్ అని పేరు వచ్చినది. వేగము, విరుపు, గుచ్ఛముల పైఅంతస్తుల స్వరములను పలికించుట దాని లక్షణములు. వీరికి దూరమైన షడ్జములకు పోవు పాటలు కావలసివచ్చినవి. పరీక్షకు నిలుచు క్రమము కావలసివచ్చినది. కెర్న్ పాట ఆ యవసరమునకు సరిగ అమరినది. సామాన్యశ్రోతకు కఠినమని శంకించిన గుణమే వీరికి ఆకర్షణ.

1945 ఫిబ్రవరి 28వ తేదీన డిజీ గిలెస్పీ ట్రంపెట్టుతోను, చార్లీ పార్కర్ శాక్సఫోనుతోను ఉన్న ఆరుగురి బృందము గిల్డ్ అను చిన్న సంస్థకు ఈ పాటను రికార్డు చేసినది. అందులో మెట్టు వినబడును. కాని దానికి ముందు కెర్న్ వ్రాయని ఎనిమిది ఆవర్తముల ఉపోద్ఘాతము కలదు. అర్ధస్వర దూరమున నున్న రెండు గుచ్ఛములు తలుపు రెక్కలవలె ఊగుచు కొంత భయము గొలుపునట్లు నడచును. ప్రేమగీతమునకు ఇట్టి ముఖద్వారము తగునా యని మొదట తోచును. అయినను ఆ ఉపోద్ఘాతము పాటకు అంటుకొనిపోయినది. నేటికిని వాద్యకారు లొకరినొకరు ఎరుగకయే వేదికపై కూడినను, ఈ పాట పేరు చెప్పినంతనే అందరును ఆ ఎనిమిది ఆవర్తములతో మొదలుపెట్టుట సామాన్యము. కెర్న్ తానై పాటకు ముందు ఒక ప్రవేశికను వ్రాసియుండెను. దానిని వాద్యకారులు దాదాపుగ విడిచివేసిరి. మన పరిభాషలో చెప్పవలెనన్న, మూలకర్త అవతారిక లుప్తమైనది, ప్రక్షిప్తము స్థిరపడినది. తాళపత్రప్రతులలో ఇట్టిది కనబడిన పరిష్కర్త ప్రక్షిప్తమును కుండలీకరణములలో బంధించును. ఇచ్చట బంధించువాడు లేడు.

1947 అక్టోబరు 28వ తేదీన మరియొక మెట్టు దిగిరి. పార్కర్ తన ఐదుగురి బృందముతో డయల్ అను సంస్థకు ఈ క్రమమును మూడు మారులు రికార్డు చేసెను. మైల్స్ డేవిస్ ట్రంపెట్టు, మాక్స్ రోచ్ మృదంగస్థానమున డ్రమ్ములు. గిలెస్పీ ఉపోద్ఘాతము మొదట వచ్చును. పిదప కెర్న్ మెట్టు వచ్చునని ఎదురుచూచువానికి పార్కర్ నేరుగ తన కల్పనను వినిపించును. ఆ రికార్డునకు ‘బర్డ్ ఆఫ్ పారడైజ్’ అని క్రొత్త పేరు పెట్టిరి. కర్తగ పార్కర్ పేరు వేసిరి.

ఇది చౌర్యమా? చట్టము కాదన్నది. అమెరికను గ్రంథస్వామ్యము మాటలను, వర్ణమెట్టును రక్షించును. గుచ్ఛక్రమమును న్యాయస్థానములు సాధారణముగ అందరి సొత్తుగ ఎంచినవి. గెర్ష్విన్ 1930లో రచించిన ‘ఐ గాట్ రిథమ్’ క్రమముపై పుట్టిన క్రొత్త పాటలకు లెక్కలేదు. క్రొత్త మెట్టు, క్రొత్త పేరు పెట్టినచో రికార్డు సంస్థకు రెండు సెంట్లు మిగులును. చిన్న సంస్థలకు ఆ రెండు సెంట్లు కూడ గణనీయములే. కావున ఈ వాడుకకు కళాకారణముతో పాటు బేరసారముల కారణమును కలదని మరువరాదు. వీరపూజకులైన జాజ్ రచయితలు మొదటిదానినే చెప్పి రెండవదానిని దాటవేయుదురు.

మా అభిప్రాయమున ఇచ్చట రెండు పక్షములందును అన్యాయము కలదు. కెర్న్ పాటలో అతని ప్రతిభ ఎక్కువగ పనిచేసినచోటు గుచ్ఛక్రమమని పైన చూచితిమి. పార్కర్ తీసికొనినది సరిగ దానినే. చట్టము కెర్న్‌కు కాపాడిపెట్టినది పార్కర్ విడిచిపెట్టిన భాగమును. శిల్పి ఎచ్చట శిల్పియో అచ్చట అతనికి హక్కు లేదు. మరియొక వైపు చూచినచో, పార్కర్ కల్పనకు ఆ చట్టమిచ్చిన రక్షణ ఎంత? అమెరికను కేంద్రచట్టము ధ్వనిముద్రణమును స్వతంత్రసొత్తుగ గుర్తించినది 1972లో. ఆ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీనుండి జరిగిన ముద్రణములకే అది వర్తించినది. పార్కర్ 1955లోనే మరణించెను. రేడియోలో రికార్డు వేసినపుడు పాటకర్తకు కొంత ముట్టుచుండెను. ఆ రికార్డును అజరామరము చేసిన ఊపిరికి ఏమియు ముట్టలేదు. తెల్లవారగు స్వరకర్తలు, ప్రచురణకర్తలు కాగితముపై వ్రాసినది ఆస్తి. నల్లవారు క్షణమున వాయించినది కూలి. అట్టి ఏర్పాటులో కూలివాడు ఆస్తిపరుని గోడ దాటెనని నిందించుట మాకు ఇష్టము కాదు. గోడను ఎవరు, ఎచ్చట కట్టిరో చూడవలెను.

గోడ కట్టినవారు నిద్రపోలేదనుటకు నిదర్శనము 1946 నాటిది. ఆ యేట గిలెస్పీ తంత్రీవాద్యములతో కూడిన పెద్ద బృందముతో కెర్న్ పాటలను కొన్నిటిని రికార్డు చేసెను. కెర్న్ అప్పటికి మరణించి కొలది మాసములైనది. అతని పక్షమువారు మెట్టులు చెడినవని అభ్యంతరము చెప్పగా ఆ రికార్డులు అప్పట్లో వెలువడలేదు. ఇచ్చటి చమత్కారమును గమనింపుడు. పేరును, మెట్టును ఉంచి మార్చినవాడు అడ్డగింపబడెను. మరుసటి యేట పేరును, మెట్టును సమూలముగ తీసివేసినవానిని ఎవరును అడ్డగింపలేదు. మర్యాద పాటించినవానికి శిక్ష!

మన సాహిత్యమునుండి ఒక ఉదాహరణమును కేవలము పోలికకొరకు తెత్తుము. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనములు తిరుమలలో రాగిరేకులపై నిలిచినవి. రేకులపై సాహిత్యము కలదు, రాగము పేరు కలదు, స్వరములు లేవు. ఇరువదవ శతాబ్దమున రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగువారు వానిలో కొన్నిటికి స్వరములు సమకూర్చిరి. అచ్చట మాట నిలిచి మెట్టు నశించినది. అయినను వానిని అన్నమయ్య కీర్తనలనియే పాడుచున్నాము. ఇచ్చట మాటయు మెట్టును తొలగి మోయు క్రమము నిలిచినది. దానిని కెర్న్ పాటయని కొందరు, పార్కర్ పాటయని కొందరు అన్నారు. ‘కృతి’ యనునది ఏ అంగమునందు వసించునో సంప్రదాయము నిర్ణయించునే గాని తర్కము నిర్ణయింపదని ఈ రెంటివలన తోచును. పోలికను ఇంతకు మించి లాగినచో తెగును. గుచ్ఛక్రమము రాగము వంటిది కాదు. రాగము అనేక కృతులకు తల్లి. ఈ క్రమము ఒక వ్యక్తి, ఒక నాటకమునకు, ఒక సంవత్సరమున చేసినది.

పాట వాద్యకారులలో వ్యాపించిన విధమును చూచినచో మన లేఖకులు జ్ఞప్తికి వత్తురు. అచ్చుప్రతులు పియానో వాయించువారి కొరకు వెలువడినవి. వేదికపై వానితో పనిలేదు. మెట్టును ఒక గీతపై వ్రాసి గుచ్ఛముల పేర్లను పైన గుర్తించిన ఏకపత్రప్రతులు చేతినుండి చేతికి మారినవి. అనుమతి లేకయే అట్టివానిని గ్రంథములుగ కుట్టి అమ్మిరి. 1970వ దశకమున బోస్టను నగరపు సంగీతవిద్యార్థుల చేతులలో ‘రియల్ బుక్’ అను అట్టి సంపుటము పుట్టినది. అది నకళ్ళ అంగళ్ళలో అచ్చై దేశదేశముల విద్యార్థుల సంచులలోనికి చేరినది. 2004లో గాని దానికి చట్టసమ్మతమైన ముద్రణ రాలేదు. ఈ పాట అందు కలదు. వ్రాతగాని చేవ్రాలుతో నున్న ఆ పుటయే అనేకులకు ‘మూలము’. కొన్ని గుచ్ఛముల విషయమున అచ్చుప్రతికిని, వాద్యకారుల వాడుకకును భేదములు కలవు. విద్యార్థులు వాడుకను ప్రమాణముగ గ్రహించి, కెర్న్ వ్రాసినదానిని పాఠాంతరముగ చూచుటయు కలదు.

రికార్డులన్నిటిని పేర్కొనుట మా ఉద్దేశము కాదు. 1953 మే 15న టొరంటోలోని మాసీ హాలులో గిలెస్పీ, పార్కర్ మరల కలిసి దీనిని వాయించిరి. చార్లెస్ మింగస్ 1955లో రష్యను స్వరకర్త రహ్మానినోవ్ రచనతో దీనిని ముడివేసి, పేరును గూడ వంకరదిప్పి హాస్యమాడెను. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1963లో కెర్న్ గీతముల సంపుటమున మాటలతో, మెట్టుతో, మర్యాదగ పాడెను. నాటకగీతము తన పుట్టినింటి వేషమున కనబడుచోటులలో అదియొకటి. కీత్ జారెట్ త్రయము 1983లో వెలువరించిన ప్రమాణగీతముల తొలి సంపుటమునను ఇది కలదు.

వీనిలో ఒకదానిని మాత్రము నిలిచి వినవలెను. 1963 జూలైలో సానీ రోలిన్స్ అను శాక్సఫోను వాద్యకారుడు తనకు గురుప్రాయుడగు హాకిన్స్‌తో కలిసి ఈ పాటను రికార్డు చేసెను. 1939లో మెట్టును విడిచి గుచ్ఛక్రమమున నడచుటను లోకమునకు చూపిన హాకిన్సే ఇతడు. ఇరువదినాలుగేండ్ల పిమ్మట ఆ త్రోవ ఎందాక సాగినదో అతడు ప్రక్కన నిలిచి వినవలసివచ్చినది. పియానోపై నున్న పాల్ బ్లే తన వంతు వచ్చినపుడు గుచ్ఛక్రమమును గూడ సడలించెను. ఆవర్తములు లెక్కకు సరిపోవును. కాని షడ్జములు కరగిపోవుచుండును. మాటలు పోయినవి, మెట్టు పోయినది, ఇప్పుడు క్రమమును పోవుచున్నది. అయినను పాట వాయించుచున్నారని వినువానికి తెలియును. ఆ తెలివి ఎచ్చటనుండి వచ్చుచున్నదని మేము పలుమారులు విని విచారించితిమి. అంతకుముందు వందలమంది వాయించియుండుటచే వినువాని స్మృతిలోనే క్రమము నడచుచుండును; పియానో దానితో సంభాషించును. క్రొత్తగ విన్నవానికి ఈ సంభాషణలో ఒక గొంతుకయే వినబడును.

లీ కానిట్జ్ అను శాక్సఫోను వాద్యకారుడు ఈ పాటను తన దీర్ఘజీవితమంతయు వాయించెను. అతడు 2020 ఏప్రిలులో తొంబదిరెండేండ్ల వయస్సున మరణించెను. కల్పన నేర్చువారికొరకు అతడొక అభ్యాసక్రమమును ఏర్పరచెను. అది 1985లో ‘డౌన్ బీట్’ పత్రికయందు వెలువడినది. అందు సోపానములు పది. ఉదాహరణముగ గ్రహించినది ఈ పాటయే. పదవ సోపానమున మూలముతో పోల్చి చూచుటకు ఏమియు మిగులదు. అది కేవలము స్ఫూర్తి. నడుమ నున్న సోపానములందు మెట్టు కొంచెము కొంచెముగ కరగును. మొదటి సోపానమున చేయవలసినది కెర్న్ వ్రాసిన మెట్టును, వ్రాసినది వ్రాసినట్లు, ఏమియు చేర్పక వాయించుట. దానిని త్వరగ దాటవలదనియు, అక్కడనే చాలకాలము నిలువవలెననియు అతడు విద్యార్థులకు చెప్పుచుండెను.